ఫొటో మారింది, బాకీ అలాగే ఉంది

బెంగళూరు తెలుగువాడు మూడు ప్రభుత్వాలను ఒంటిచేత్తో నడుపుతుంటాడు. జీతం, ట్రాఫిక్కు, ట్యాంకరు నీళ్లు కర్ణాటకవి. ఓటు ఆంధ్రాది. ఆందోళన అమెరికాది. పొద్దున విధానసౌధకు బడ్జెట్ నేర్పుతాడు, మధ్యాహ్నం అమరావతి అప్పులు లెక్కగడతాడు, రాత్రి డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి వీడియో కాల్ చేసి ట్రంప్‌ను ఏం చేయాలో చెబుతాడు. ఈ మూడు ప్రభుత్వాల ఆసుపత్రుల్లో దేని గడపా ఆయన తొక్కి ఎరగడు. ఆయన ప్రాణం కంపెనీవాళ్ల గ్రూప్ ఇన్సూరెన్సు చేతిలో ఉంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లు ఆరోగ్యం, అది పోయిన రోజు నుంచి మనోధైర్యం. అయినా పేదల వైద్యం గురించి ఆయనంత నిబ్బరంగా మాట్లాడగలిగినవాడు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెతికినా దొరకడు.

ఈ జాతికి ప్రతినిధులుగా ఇద్దరు బావాబామ్మర్దులను పరిచయం చేస్తాను. పేర్లెందుకు, రంగులు చాలు. ఒకరు పసుపు బావ, ఇంకొకరు నీలం బావమరిది. ఇద్దరిదీ అనంతపురం జిల్లా, ఉండేది మారతహళ్లి, పనిచేసేది అమెరికా కంపెనీల్లో. 2024 మే 13న ఓటు వేయడానికి ఒకే బస్సులో పక్కపక్క సీట్లలో ఊరికి వెళ్లి, ఒకరి ఓటును ఒకరు రద్దు చేసి, అదే బస్సులో తిరిగొచ్చిన ఆదర్శ పౌరులు. ఆదివారం పొద్దున టీకొట్టు దగ్గర నిలబడ్డారంటే టీ మీద మీగడ కట్టాల్సిందే.

"పేదోడికి పాతిక లక్షల వైద్యం ఇచ్చిన మొగోడు ఎవురు బావా?" అంటాడు నీలం.

"ఇచ్చినాడులే. ఆస్పత్రోళ్లకు దుడ్లు ఇచ్చినాడా?" అంటాడు పసుపు.

"మీ సారొచ్చి ఇచ్చినాడా మరి?"

"మీవోడు పెట్టిపోయిన బాకీ తీర్చేదానికే సరిపోతాంది బావా!"

"ఐతే మీ బాకీ ఎవురు తీర్చాల? మళ్లా వచ్చేవోడా?"

ఈ చివరి ప్రశ్న దగ్గర ఆగితే అది మంచి చర్చ అయ్యేది. ఆగరు. అసలు పథకం ఎవరిదన్న వంశవృక్షంలోకి దిగుతారు. ఆ వంశవృక్షం చూద్దాం. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మొదలుపెట్టినప్పుడు దాని పేరు రాజీవ్ ఆరోగ్యశ్రీ. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రాలో చంద్రబాబు ప్రభుత్వం వచ్చి ఎన్టీఆర్ వైద్యసేవ అంది. 2019లో జగన్ ప్రభుత్వం వచ్చి వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అంది. 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. తెలంగాణలో 2023 డిసెంబరులో కాంగ్రెస్ వచ్చాక రాజీవ్ తిరిగొచ్చారు. రోగి బతకడానికి పెట్టిన పథకానికి పెట్టిన పేర్లన్నీ పోయినవాళ్లవే కావడం ఎవరికీ అపశకునంగా తోచలేదు. ఆసుపత్రిలో దారి చూపించే మనిషి ఒక ప్రభుత్వంలో ఆరోగ్యమిత్ర, ఇంకో ప్రభుత్వంలో వైద్యమిత్ర. అతని కుర్చీ అదే, అతని ముందున్న క్యూ అదే.

డాక్టర్లను తయారుచేసే విశ్వవిద్యాలయానికీ ఇదే యోగం. 1986లో ఎన్టీఆర్ హయాంలో విజయవాడలో పెట్టారు, 1998లో ఆయన పేరు పెట్టారు, 2022లో శాసనసభలో బిల్లు పెట్టి వైఎస్సార్ పేరుకు మార్చారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకు తెచ్చారు. అన్న పట్టా మీద ఒక పేరు, తమ్ముడి పట్టా మీద ఇంకో పేరు. ఇద్దరూ చదివిన అనాటమీ పుస్తకంలో మాత్రం ఎముకలు 206 దగ్గరే ఆగిపోయాయి. ఎముకలకు పేరు మార్చే అధికారం శాసనసభకు లేకపోవడం వైద్యశాస్త్రం చేసుకున్న పుణ్యం.

ఈ ఫొటోల జబ్బు మనవాళ్లకే అంటుకుందనుకుంటే ఢిల్లీ నొచ్చుకుంటుంది. కోవిడ్ టీకా వేయించుకున్న పౌరుడికి ఇచ్చిన సర్టిఫికెట్ మీద సూది వేసిన నర్సు ఫొటో లేదు, వేయించుకున్నవాడి ఫొటో లేదు, ప్రధానమంత్రి ఫొటో ఉంది. డబ్బు పెట్టి వేయించుకున్న టీకాకు ఈ ఫొటో ఎందుకని 2021లో ఒకాయన కేరళ హైకోర్టుకు వెళితే, కోర్టు పిటిషన్ కొట్టేసి జరిమానా కూడా వేసింది. ఎన్నికలు జరిగే రాష్ట్రాల్లో మాత్రం ఆ ఫొటో తీసేశారు. అంటే అది ప్రచారం కాదని కోర్టులో, ప్రచారమేనని ఎన్నికల్లో తేలింది.

ఇన్ని పేర్లు మారుతుంటే ఒక్క సేవ మాత్రం ఏ పార్టీ చేతికీ చిక్కలేదు. అది 108 అంబులెన్సు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. దాన్ని పెట్టిన సత్యం రామలింగరాజు జైలుకు వెళ్లారు, నడిపే సంస్థ చేతులు మారింది, ముఖ్యమంత్రులు మారారు. 2008 నవంబరు 1న బీజేపీ ప్రభుత్వంలో కర్ణాటకకూ వచ్చింది. బండి మీద స్టిక్కర్లు మారాయి గాని నంబరు మారలేదు. ఎందుకంటే అంకెకు కులం లేదు, జయంతి లేదు, వర్ధంతి లేదు, మనవడు లేడు. ఆరోగ్య పథకాలన్నిటికీ పేర్లు తీసేసి నంబర్లు పెడితే మన చర్చల్లో సగం రేపటికే మూతపడతాయి. అందుకే ఎవరూ పెట్టరు.

ఇక రెండో అంకం వేలంపాట. 2007లో కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే ఇంకో యాభై వేలు అన్నారు. తర్వాత వచ్చినవారు రెండున్నర లక్షలన్నారు. ఆ తర్వాత ఐదు లక్షలన్నారు. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ అంటూ తన ఐదు లక్షలు పాడింది. 2023 డిసెంబరులో తెలంగాణ పది లక్షలంది, అదే నెలలో ఆంధ్రా పాతిక లక్షలంది. మన నీలం బావమరిది ఆ రోజు టీకొట్టులో అందరికీ టీ ఇప్పించాడు. పాతిక లక్షల చికిత్స ఎంతమందికి అవసరమవుతుందని ఎవరూ అడగలేదు. చికిత్సకు ప్రభుత్వం కట్టిన ప్యాకేజీ ధర గిట్టుబాటు కాక ఆసుపత్రి 'బెడ్లు లేవు' అంటే, పరిమితి పాతిక లక్షలుంటేనేం, పాతిక కోట్లుంటేనేం? పాట పాడినవాడు డబ్బు కట్టనవసరం లేని వేలం ప్రపంచంలో ఇదొక్కటే.

కట్టలేదు కూడా. 2024 మేలో, ఓట్లు పెట్టెల్లో ఉండి ఫలితాలు రాకముందు, ఆంధ్రాలోని నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిలు రాలేదని సేవలు ఆపాయి. ప్రభుత్వం మారింది. 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఆపాయి. అక్టోబరులో మళ్లీ ఆపాయి. అటు తెలంగాణలోనూ అదే ఏడాది సెప్టెంబరులో ఇదే గొడవ. ఈ నోటీసులన్నీ వరసగా పేర్చి, తేదీలు చెరిపేసి, ఏది ఏ ప్రభుత్వానిదో చెప్పమంటే సీబీఐ కూడా చేతులెత్తేస్తుంది. మన బావాబామ్మర్దులకు మాత్రం చిటికెలో తేలిపోతుంది. తమ ప్రభుత్వంలో ఆపితే అది ఆసుపత్రుల దురాశ, అవతలి ప్రభుత్వంలో ఆపితే అది పాలకుల దివాలా. సమ్మె నోటీసు చదవడానికి వీళ్లకు కళ్లద్దాలు అక్కర్లేదు, క్యాలెండరు ఉంటే చాలు.

ఇంతకంటే ముచ్చటైనది సిద్ధాంతాల కుండమార్పిడి. ఆరోగ్యశ్రీ పుట్టినప్పుడు ఇన్సూరెన్సు పథకంగానే పుట్టింది. స్టార్ హెల్త్ కంపెనీకి ప్రీమియం కట్టి నడిపించారు. తర్వాత ప్రభుత్వ ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా బిల్లులు చెల్లించే పద్ధతికి మారింది. 2025 సెప్టెంబరులో చంద్రబాబు మంత్రివర్గం రెండున్నర లక్షల దాకా ఇన్సూరెన్సు కంపెనీ, ఆపైన పాతిక లక్షల దాకా ట్రస్టు అని నిర్ణయించింది. వెంటనే నీలం బావమరిది, "పేదోడి ప్రాణాన్ని కంపెనీలకు అమ్మేసినారు బావా" అని గుండెలు బాదుకున్నాడు. తన నాయకుడి తండ్రి మొదలుపెట్టింది ఆ దారిలోనేనని ఎవరో గుర్తుచేస్తే, "అది వేరే" అన్నాడు. పసుపు బావ తక్కువ తిన్నాడా? మొన్నటిదాకా ఆరోగ్యశ్రీ అంటే కార్పొరేట్ ఆసుపత్రులకు దోచిపెట్టే పథకమని ఉపన్యాసాలిచ్చినవాడు, ఇప్పుడు ఇన్సూరెన్సు కంపెనీల సమర్థత మీద పాఠం చెబుతున్నాడు. "అది వేరే" అన్న రెండు మాటల మీదే మన రాజకీయ సిద్ధాంతమంతా నిలబడి ఉంది.

వైద్య కళాశాలల సంగతీ ఇంతే. జగన్ ప్రభుత్వం 17 కళాశాలలు తలపెట్టి 2023లో ఐదు ప్రారంభించింది. ఆ ప్రభుత్వ కళాశాలల్లోనే సీట్లలో సగం సెల్ఫ్ ఫైనాన్స్, ఎన్నారై కోటాలుగా పెట్టి లక్షల్లో ఫీజు నిర్ణయించింది. అప్పుడు పసుపు బావ పేద విద్యార్థి కోసం కంటతడి పెట్టాడు. కొత్త ప్రభుత్వం వచ్చి పది కళాశాలలను ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య (పీపీపీ) పద్ధతిలో ఇస్తామంది. ఇప్పుడు కంటతడి వంతు నీలం బావమరిదిది. దానికి వ్యతిరేకంగా కోటి సంతకాల ఉద్యమం వస్తే ఆయన మారతహళ్లిలో సంతకం పెట్టాడు. కన్నీళ్లు మాత్రం వృథా కాలేదు, ఒక కంటి నుంచి ఇంకో కంటికి బదిలీ అయ్యాయంతే.

ఇక్కడ డల్లాస్ తమ్ముడు కాల్‌లోకి వస్తాడు. ఆయనకు అక్కడ ఓటు లేదు, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాడు. డిసెంబరులో బెంగళూరు వస్తే మొదట రూట్ కెనాల్, తర్వాత ఫుల్ బాడీ చెకప్, ఆ తర్వాతే అమ్మానాన్నల దర్శనం. వెళ్లేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ ఎంత ఉంటుందో బీపీ బిళ్లలు అంత ఉంటాయి. అటువంటి మనిషి అక్కడి ఆరోగ్య సంస్కరణల మీద మాట్లాడుతుంటే శ్రద్ధగా వినాల్సిందే, బాధితుడు కదా అనుకుంటాం. ఆయన మాట్లాడేది మాత్రం ఒబామా గొప్పా, ట్రంప్ గొప్పా అని. అమెరికాలో నీలం డెమోక్రాట్ల రంగు, ఎరుపు రిపబ్లికన్లది. మన నీలం బావమరిది రంగు కలిసిందని డెమోక్రాట్ల వైపు చేరాడు. పసుపు అక్కడ ఏ పార్టీకీ లేకపోవడంతో మన పసుపు బావ, బావమరిది ఏది అంటే దానికి ఎదురని, రిపబ్లికన్ అయ్యాడు. ఖండాంతర రాజకీయాలు ఇంతకంటే సులువుగా ఎవరికీ అర్థం కాలేదు.

నిజానికి మాట మార్చడంలో అమెరికావాళ్లు మనకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు. 2006లో మసాచుసెట్స్‌లో గవర్నర్ మిట్ రామ్నీ, రిపబ్లికన్, అందరూ ఇన్సూరెన్సు తీసుకోవాలని చట్టం తెచ్చారు. ఆ ఆలోచనకు మూలం సంప్రదాయవాదుల హెరిటేజ్ ఫౌండేషన్ 1989లోనే చెప్పిన మాట. అదే దారిలో 2010 మార్చి 23న ఒబామా దేశానికంతా చట్టం చేస్తే, రిపబ్లికన్లకు అది సోషలిజంగా కనిపించింది. 2012లో అదే రామ్నీ అధ్యక్ష పదవికి నిలబడి, తన చట్టం నుంచే పుట్టిన చట్టాన్ని రద్దు చేస్తానని ఊరూరా తిరిగారు. ఆయన కూడా "అది వేరే" అన్నారు, ఇంగ్లిషులో. వెక్కిరించడానికి ప్రత్యర్థులు తగిలించిన ఒబామాకేర్ అన్న పేరే చివరికి స్థిరపడింది. 2013లో ఒక టీవీ కార్యక్రమంవాళ్లు వీధిలో జనాన్ని ఆపి, ఒబామాకేర్ కావాలా, అఫర్డబుల్ కేర్ యాక్ట్ కావాలా అని అడిగారు. రెండూ ఒకే చట్టం. మొదటిది వద్దని, రెండోది బాగుందని చెప్పినవాళ్లు కెమెరా ముందు దొరికారు. మన ఊళ్లోనూ వైద్యసేవ కావాలా, ఆరోగ్యశ్రీ కావాలా అని అడిగి చూడండి, కెమెరా అరిగిపోతుంది.

అంతకుముందు 2009లో సంస్కరణల మీద ఊరూరా సభలు పెడితే, ప్రభుత్వం నా మెడికేర్ జోలికి రాకూడదని నిలదీసిన పెద్దమనుషులున్నారు. మెడికేర్ 1966 నుంచీ ప్రభుత్వం నడుపుతున్నదే. ఒబామా చట్టాన్ని రద్దు చేస్తామని ప్రతినిధుల సభలో యాభైసార్లకు పైగా ఓట్లు వేశారు. తీరా రిపబ్లికన్ల చేతికే అన్నీ వచ్చాక, 2017 జులై 28 తెల్లవారుజామున వాళ్ల పార్టీవాడే అయిన జాన్ మెకెయిన్, మెదడులో కణితితో ఉన్న మనిషి, సెనేట్‌లో బొటనవేలు కిందికి చూపించి ఆ బిల్లును పడగొట్టారు. ఏడేళ్ల తర్వాత ఎన్నికల చర్చలో నీ ప్రణాళిక ఏదని అడిగితే, ట్రంప్ తన దగ్గర ప్రణాళికకు సంబంధించిన ఊహలున్నాయన్నారు. 2025 చివర్లో ఇన్సూరెన్సు రాయితీల మీద పట్టుదలలకు పోయి ప్రభుత్వాన్నే 43 రోజులు మూసేశారు. జాతీయాదాయంలో 17 శాతానికి పైగా వైద్యం మీద ఖర్చు చేసే దేశం అది. అంత ఖర్చు పెట్టి కూడా మన డల్లాస్ తమ్ముడి పన్ను బెంగళూరులోనే బాగుచేయాల్సి వస్తోంది.

ఇంతకూ మేం నిలబడి ఉన్న ఊరి సంగతి ఎవరూ మాట్లాడరు. కర్ణాటకలో 2003లో రైతు సహకార సంఘాల సభ్యుల కోసం యశస్విని పెట్టారు. 2018లో ఆపారు, 2022లో మళ్లీ తెచ్చారు. అది ఆగకముందే బీజేపీ ప్రభుత్వం వాజపేయి ఆరోగ్యశ్రీ తెచ్చింది. కాంగ్రెస్ ముఖ్యమంత్రి పథకాన్ని తెలుగు నేల నుంచి, పేరుతో సహా అరువు తెచ్చుకుని ముందు వాజపేయిని కూర్చోబెట్టింది. దాన్ని తర్వాతి కాంగ్రెస్ ప్రభుత్వం ఆరోగ్య కర్ణాటకలో కలిపింది. దాన్ని కేంద్రం ఆయుష్మాన్‌తో జతకట్టింది. పార్టీలన్నీ ఒకరి జవాబు పత్రం ఒకరు చూసి రాసుకున్నాయి, పరీక్ష హాలు బయట మాత్రం వాళ్ల అభిమానులు చొక్కాలు చింపుకుంటున్నారు.

అసలు విషయం, అంటే ధర, ఒక్కసారి బెంగళూరు ముందుకు వచ్చింది. 2017లో ఆరోగ్యమంత్రి రమేశ్ కుమార్ ప్రైవేటు వైద్య సంస్థల చట్టానికి సవరణ తెచ్చారు. చికిత్సలకు ధరలు నిర్ణయించాలి, ఫిర్యాదులు వినే యంత్రాంగం ఉండాలి, బిల్లు కట్టలేదని శవాన్ని ఆపకూడదు, తప్పు చేస్తే జైలు. ఆ నవంబరులో ప్రైవేటు డాక్టర్లు సమ్మె కట్టారు, ఊళ్లో ఓపీలు మూతపడ్డాయి. బెళగావి శాసనసభ సమావేశాల్లో బిల్లు చాలా మెత్తబడి బయటికొచ్చింది, జైలు మాట పోయింది. మన కులదైవాల కోసం చొక్కాలు చింపుకునే ఏ బావా ఆ వారం రోడ్డెక్కలేదు. అందులో ఎవరి ఫొటో లేదు మరి. ధరల పట్టికకు పాలాభిషేకం ఎలా చేస్తారు?

నాయకత్వం గురించి కూడా ఒక ముక్క. బన్నేరుఘట్ట రోడ్డులో ఉన్న జయదేవ గుండె ఆసుపత్రిని డాక్టర్ సి.ఎన్. మంజునాథ్ ఏళ్లతరబడి నడిపారు. ముందు చికిత్స, డబ్బు తర్వాత అన్నది అక్కడి పద్ధతిగా పేరుపడింది. సీమ జిల్లాల నుంచి గుండె పట్టుకుని వచ్చినవాళ్లకు ఆ ఆసుపత్రి దారి కండక్టరు చెప్పకపోయినా తెలుసు. 2024లో ఆయన బెంగళూరు గ్రామీణ నుంచి బీజేపీ అభ్యర్థిగా ఎంపీ అయ్యారు. నామినేషన్ వేసిన మధ్యాహ్నం దాకా అందరికీ దేవుడు. సాయంత్రానికి సగం మందికి దేవుడు, మిగతా సగానికి దేవేగౌడ అల్లుడు. ఆయన అల్లుడైంది ఆ సాయంత్రమే అన్నట్టు! ఆసుపత్రి ఎలా నడిచింది, అదే పద్ధతి మిగతా ఆసుపత్రుల్లో ఎందుకు లేదు అన్న ప్రశ్న ఏ పక్షానికీ పనికిరాలేదు.

సాఫ్ట్‌వేర్ బావల సొంత జేబు సంగతైనా వాళ్లకు పట్టిందా అంటే అదీ లేదు. 2017 జులైలో ఆరోగ్య ఇన్సూరెన్సు ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ పడింది. ఒకే దేశం, ఒకే పన్ను అని చప్పట్లు కొట్టారు. 2024 జులైలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీయే ఇది తీసేయండని ఆర్థికమంత్రికి ఉత్తరం రాశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద పన్ను తీసేశారు. మళ్లీ చప్పట్లు. వేసినప్పుడూ అవే చేతులు, తీసినప్పుడూ అవే చేతులు. కంపెనీల గ్రూప్ పాలసీలకు ఈ మినహాయింపు లేదని చప్పట్లు కొట్టేవాళ్లకు చెప్పి వాళ్ల ఆనందం పాడుచేయడం ఎందుకని నేనూ ఊరుకున్నాను.

ఈ మధ్య ఊళ్లో ఒక పెద్దాసుపత్రి పథకాల కౌంటరు దగ్గర నిలబడాల్సి వచ్చింది. నా ముందు కదిరి వైపు నుంచి వచ్చిన ముసలి దంపతులు. ఆంధ్రా పథకం 2019 నవంబరు నుంచి బెంగళూరు ఆసుపత్రుల్లోనూ పనిచేస్తుందని ఎవరో చెప్పి పంపారట. ముసలమ్మ కొంగులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో రెండు కార్డులు. ఒకదాని మీద ఒక ముఖ్యమంత్రి నవ్వుతున్నాడు, రెండోదాని మీద ఇంకో ముఖ్యమంత్రి నవ్వుతున్నాడు. రెండిటి మీదా అదే ఇంటిపేరు, అదే ముసలాయన, నవ్వకుండా. "ఇవి రెండూ ఎందుకమ్మా" అంటే, "ఏ గవర్నమెంటు ఉంటే ఆ కార్డు పైన పెట్టాల గదా నాయనా. కోప్పడతారేమోనని కిందది గూడా పారేయలే" అంది. లోపలున్న అమ్మాయి రెండిటి మొహమూ చూడలేదు. "ఆధార్ కొడి" అంది. నంబరు కొట్టింది. "అప్రూవల్ బరబేకు, కూత్కొళ్ళి" అని, అనుమతి వచ్చేదాకా కూర్చోమని పక్క బెంచీ చూపించింది. ఆ బెంచీ మీద రాజకీయ చర్చ ఏదీ జరగడం లేదు. తెచ్చుకున్న చిత్రాన్నం ఎప్పుడు విప్పాలా, బస్సు ఛార్జీలకు ఎంత మిగులుతుందా అన్న చర్చ జరుగుతోంది.

కార్డు లేకుండా వైద్యం ఇదే ఊళ్లో ఉంది. వైట్‌ఫీల్డ్‌లో 2001 నుంచి నడుస్తున్న సత్యసాయి ఆసుపత్రిలో, అంతకు దాదాపు పదేళ్ల ముందే మొదలైన పుట్టపర్తి ఆసుపత్రిలో బిల్లు కౌంటరే లేదు. అక్కడా గోడల మీద ఫొటో ఉంది, నిజమే. కాని ఆ ఫొటో ఐదేళ్లకోసారి మారదు, దాని కింద రాష్ట్ర ఖజానా నుంచి రావాల్సిన బాకీ లేదు. భక్తుల విరాళాల మీద దేశం మొత్తానికి వైద్యం నడవదు గనక అదే దారి అనడం లేదు. ఉచిత వైద్యం ఇచ్చాక రోగి చేత కృతజ్ఞత ఓటు రూపంలో వసూలు చేయనక్కర్లేదని మాత్రం అది చూపిస్తుంది.

లెక్కలు చూస్తే రెండు పక్షాలకూ కొంత గర్వం, చాలా సిగ్గు మిగులుతాయి. దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం సొంత జేబులోంచి పెట్టేది 2013-14లో 64 శాతం ఉండేది. 2021-22కి 39 శాతానికి దిగింది. దిగడం మంచిదే, దానికి ఎవరు దండ వేసుకున్నా వేసుకోనిద్దాం. ఇంకా వంద రూపాయల్లో దాదాపు నలభై రోగివే. ఓపీ చీటీ, రక్తపరీక్ష, నెలనెలా సుగర్ బిళ్ల, ఇవేవీ పాతిక లక్షల కార్డు మీద పలకవు. 2025 కల్లా ప్రభుత్వ వ్యయం జాతీయాదాయంలో రెండున్నర శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది. 2021-22లో అది 1.84 శాతం. ఈ అంకె కోసం బావాబామ్మర్దులు ఒక్క ఆదివారమూ గొంతు చించుకోలేదు. శాతానికి జెండా లేదు, శాతానికి కటౌట్ కట్టలేం.

విమర్శించి వదిలేయకుండా పరిష్కారం చెప్పడం పెద్దల పద్ధతి గనక మూడు ప్రతిపాదనలు చేస్తున్నాను. ఒకటి, కార్డు మీద ముఖ్యమంత్రి ఫొటో తప్పక వేయాలి, ఇప్పుడున్నదానికంటే పెద్దదిగా. దాని కింద ఆసుపత్రులకు ఈయన హయాంలో చెల్లించాల్సిన బాకీ ఇంత అని, నవ్వు ఎంత వెడల్పో అంత వెడల్పు అక్షరాల్లో అచ్చువేయాలి. రెండు, ఆరోగ్య సంస్కరణల మీద టీకొట్టులో గొంతు పెంచదలచినవాళ్లు ఆ ఏడాది ఏదైనా ప్రభుత్వాసుపత్రిలో తీసుకున్న ఓపీ చీటీ చూపించాలి. లేనివాళ్లు క్రికెట్ మాట్లాడుకోవచ్చు. మూడు, మంత్రులు, ఎమ్మెల్యేలు, వాళ్ల కుటుంబాలు తమ నాయకుడి ఫొటో ఉన్న కార్డుతోనే, ఆ ప్యాకేజీ ధరకే, ఆ క్యూలోనే వైద్యం చేయించుకోవాలి. ప్రతిపక్షంవాళ్లకు పాత ఫొటో ఉన్న కార్డు ఇవ్వొచ్చు, మనోభావాలు దెబ్బతినకుండా.

ఈ మూడోది అమలైతే మొదటి రెండూ అక్కర్లేదు. 'బకాయిలు చెల్లించేవరకు ఈ పథకం కింద సేవలు నిలిపివేయబడినవి' అన్న బోర్డు ఒక్క మంత్రిగారి స్ట్రెచరు ముందు కనబడితే చాలు. ఏళ్లనాటి ఫైలు ఆ సాయంత్రానికి కదులుతుంది. మర్నాడు ఆసుపత్రుల ఖాతాల్లో డబ్బు పడుతుంది. ఆ ఘనత మా నాయకుడిదంటే మా నాయకుడిదని పసుపు, నీలం మళ్లీ కొట్టుకుంటారు, డల్లాస్ నుంచి తమ్ముడు కూడా కలుస్తాడు. కొట్టుకోనివ్వండి. కనీసం ఆ ఒక్కసారికి, కొట్టుకోవడానికి జరిగిన పనంటూ ఒకటి ఉంటుంది.